మీ ప్రశ్నలు – మా జవాబులు: డెబ్బైల మొదట్లో అవార్డు సినిమాలు, అందులో మనవాళ్లు

పోయిన నెల ఈ పేజీ చివర్లో ఒక చిన్న ప్రశ్న వేశాను. 1970కీ 1974కీ మధ్య ఒక తెలుగు కవి తీసిన సినిమాకి జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది, ఆ కవి ఎవరు, ఆ సినిమా ఏది అని. ఉత్తరాలు, మెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ కలిపి కుప్పపడ్డాయి. సరైన జవాబు రాసినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. అయితే జవాబు తెలియకపోయినా మీరు అడిగిన ఎదురు ప్రశ్నలు చాలా బాగున్నాయి, అందుకని ఈసారి పేజీ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. వంటల ప్రశ్నలు, గోళ్ల మీద తెల్లమచ్చల ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్ర: శంకరాభరణమే కదా సర్? విశ్వనాథ్ గారు కవి కాకపోయినా కవిహృదయం ఉన్నవారు.
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జ: కవిహృదయం సంగతి ఒప్పుకుంటాను. సంవత్సరమూ తప్పే, అవార్డూ తప్పే. శంకరాభరణం విడుదలైంది 1980 ఫిబ్రవరిలో. దానికి వచ్చిన జాతీయ అవార్డు కూడా ‘ఉత్తమ చిత్రం’ కాదు, మంచి వినోదం ఇచ్చిన జనరంజక చిత్రం అనే వేరే విభాగంలోది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు, మీ ఒక్కరిదే కాదు. దేశం మొత్తానికి ఉత్తమ చిత్రం అనే అవార్డు ఒక తెలుగు సినిమాకి రావడానికి 2015 దాకా ఆగాల్సి వచ్చింది, అది బాహుబలి మొదటి భాగం.

కానీ తెలుగువాడు ఆ అవార్డు అందుకోవడం మాత్రం అంతకు 45 ఏళ్ల ముందే జరిగింది. ఆయన పఠాభి. అసలు పేరు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, నెల్లూరు మనిషి. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ రాసి తెలుగు కవిత్వంలో గగ్గోలు పుట్టించిన కుర్రాడు ఆయనే, వచన పద్యాల్ని దుడ్డుకర్రలుగా చేసి పద్యాల నడుములు విరగ్గొడతానని సవాలు చేసినవాడు. ఆ కవి ముప్పై ఏళ్ల తర్వాత కన్నడంలో తీసిన సినిమా ‘సంస్కార’, 1970 సంవత్సరానికి దేశంలో ఉత్తమ చిత్రం. కన్నడ సినిమాకి ఆ గౌరవం రావడం అదే మొదటిసారి. అంటే కన్నడిగులకి ఆ మొదటి అవార్డు తెచ్చిపెట్టిన దర్శకుడు మన నెల్లూరాయన, ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ప్ర: ‘సంస్కార’ని అప్పట్లో నిషేధించారని మా నాన్నగారు చెబుతారు. అవార్డు ఇచ్చిన సినిమాని నిషేధించడం ఏమిటి? అందులో అంత ఏముంది?
– బళ్లారి నుంచి ఒక పాఠకురాలు

జ: మీ నాన్నగారు చెప్పింది నిజమే, ముందు వెనక మాత్రం కొంచెం మారింది. మొదట మద్రాసు సెన్సార్ వాళ్లు ఆపేశారు, తర్వాత పైస్థాయిలో ఆ నిషేధం ఎత్తేశారు, ఆ తర్వాతే అవార్డు.

ఏముందని అడిగారు కాబట్టి కథ కొంచెం చెప్పాలి. యు.ఆర్.అనంతమూర్తి గారి నవల ఇది. ఒక మాధ్వ బ్రాహ్మణ అగ్రహారం. అక్కడ నారణప్ప అనేవాడు ఆచారాలన్నీ గాలికొదిలేసి, మాంసం తిని, మందు తాగి, చంద్రి అనే తక్కువ కులపు ఆవిడతో కాపురం పెట్టి, చివరికి ప్లేగుతో చచ్చిపోతాడు. ఇప్పుడు శవానికి దహనం ఎవరు చెయ్యాలి? భ్రష్టుడు కాబట్టి బ్రాహ్మడు ముట్టుకోకూడదు, అలాగని కులం నుంచి వెలివెయ్యలేదు కాబట్టి బ్రాహ్మడు కానివాడూ ముట్టుకోకూడదు. శవం లేచేదాకా అగ్రహారంలో ఎవరూ ముద్ద ముట్టడానికి లేదు. చంద్రి తన ఒంటి మీద బంగారం తీసి ఖర్చుకి ఉంచుకోమని ముందు పెడుతుంది, అంతే, అప్పటిదాకా నాకొద్దు నాకొద్దు అన్నవాళ్లు నేను చేస్తానంటే నేను చేస్తానని పోటీ పడతారు. ప్రాణేశాచార్యులు అనే పెద్ద పండితుడు జవాబు కోసం తాటాకు గ్రంథాలన్నీ తిరగేస్తుంటాడు, ఇవతల శవం కుళ్లుతూ ఉంటుంది, ఎలుకలు రాలి చస్తుంటాయి, గద్దలు దిగుతుంటాయి. చివరికి ఆ శవానికి నిప్పు పెట్టింది ఎవరనుకున్నారు? గ్రంథాలతో పని లేకుండా, ఒక ముస్లిం సాయంతో రాత్రికి రాత్రి చంద్రే ఆ పని చేయించేస్తుంది. ఆ విషయం తెలియక వీళ్లు తెల్లారి కూడా వాదించుకుంటూనే ఉంటారు.

ఇలాంటి కథని 1970లో తెర మీద పెడితే గొడవ కాకుండా ఎలా ఉంటుంది?

ప్రాణేశాచార్యులుగా వేసింది గిరీష్ కర్నాడ్, స్క్రీన్‌ప్లే కూడా ఆయనదే. అప్పటికి ఆయన మద్రాసులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌లో ఉద్యోగి. నారణప్పగా పి.లంకేశ్, ఆయన కూడా రచయితే. కెమెరా పట్టింది టామ్ కోవన్ అనే ఆస్ట్రేలియా ఆయన. సంగీతం సరోద్ విద్వాంసుడు రాజీవ్ తారానాథ్. ఒక తెలుగు కవి, కన్నడ రచయితలు, ఒక ఆస్ట్రేలియా కెమెరామన్ కలిసి కర్ణాటక కొండప్రాంతం మలెనాడులోని ఒక అగ్రహారంలో ఈ సినిమా చేశారంటే, ఆ రోజుల్లో మనుషులకి ఉన్న తెగువ అర్థమవుతుంది.

చంద్రిగా వేసిన ఆవిడ గురించి విడిగా చెప్పాలి. పేరు స్నేహలతారెడ్డి, పఠాభి గారి భార్య. నాటకరంగంలో పెద్ద పేరు. ఎమర్జెన్సీ రోజుల్లో 1976లో బరోడా డైనమైట్ కేసు (ప్రభుత్వానికి వ్యతిరేకంగా పేలుళ్లకి కుట్ర పన్నారనే కేసు) పేరుతో ఆవిడని పట్టుకెళ్లి బెంగళూరు జైల్లో నెలల తరబడి ఉంచారు. ఆవిడకి ఉబ్బసం. జైల్లో అది బాగా ముదిరింది. 1977 జనవరిలో పెరోల్ మీద వదిలారు, వదిలిన కొద్దిరోజులకే చనిపోయారు. జైల్లో రాసుకున్న డైరీ తర్వాత పుస్తకంగా వచ్చింది. ‘సంస్కార’ చూసేటప్పుడు, చంద్రి తన నగలు తీసి ముందు పెట్టే దగ్గర, ఆ చేతులు ఎవరివో తెలిసి చూడండి. నేనైతే ఆ సీన్ దాటి ముందుకు వెళ్లడానికి ప్రతిసారీ కాసేపు ఆగుతాను.

ప్ర: ఊర్వశి శారద గారిది మా ఊరే. ఆవిడకి ఆ ‘ఊర్వశి’ ఎలా వచ్చింది? మలయాళంలో వచ్చిన అవార్డుల గురించి మాకు సరిగా తెలియదు.
– తెనాలి నుంచి ఒక పాఠకురాలు

జ: ఇప్పుడు జాతీయ ఉత్తమ నటి అని పిలుస్తున్న అవార్డుని మొదట్లో కొన్నేళ్లు ‘ఊర్వశి’ అనేవారు, ఉత్తమ నటుడిదేమో ‘భరత్’. మొట్టమొదటి ఊర్వశి నర్గిస్. ఆ మరుసటి ఏడాదే, 1968కి, ‘తులాభారం’ అనే మలయాళ సినిమాకి మన శారద. ఆ సినిమానే తెలుగులో ‘మనుషులు మారాలి’గా తీస్తే ఆ పాత్ర మళ్లీ ఆవిడే చేశారు. ఒక్కసారి వచ్చి ఉంటే ఊర్వశి పేరు ఇంతగా అంటుకునేది కాదేమో. 1972కి రెండోసారి వచ్చింది, ‘స్వయంవరం’కి. మూడోసారి 1978కి, ఈసారి తెలుగులోనే, బి.ఎస్.నారాయణ గారి ‘నిమజ్జనం’కి.

ఈ పేజీలో మనం మాట్లాడుకుంటున్న కాలానికి సంబంధించింది స్వయంవరం. ఆదూర్ గోపాలకృష్ణన్ మొదటి సినిమా. విశ్వం, సీత అనే ఇద్దరు ఇంట్లో చెప్పకుండా వచ్చేసి, పట్నంలో బతకడానికి ప్రయత్నిస్తారు. మొదట మంచి లాడ్జి, తర్వాత చిన్న లాడ్జి, ఆ తర్వాత పేదల వాడలో ఒక అద్దె ఇల్లు. చేతిలో డబ్బు ఎంత మిగిలిందో డైలాగులో ఎవరూ చెప్పరు, ఇల్లు మారినప్పుడల్లా మనకే తెలిసిపోతుంది. మొదలే ఒక బస్సు ప్రయాణం, చాలాసేపు ఒక్క మాట ఉండదు, వాళ్ల మొహాలు, తోటి ప్రయాణికుల మొహాలు, బస్సు చప్పుడు, అంతే. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటి, నలుపు తెలుపు సినిమాల్లో ఉత్తమ ఛాయాగ్రహణం, నాలుగు జాతీయ అవార్డులు వచ్చాయి. మొదట విడుదలైనప్పుడు జనం పట్టించుకోలేదు, ఢిల్లీలో అవార్డులు ప్రకటించాక మళ్లీ విడుదల చేస్తే అప్పుడు చూశారు.

నేను ఈ సినిమా మొదటిసారి చూసింది మా అమ్మతో, దూరదర్శన్‌లో, ఆదివారం మధ్యాహ్నం వేసే ప్రాంతీయ భాషా చిత్రాల్లో. కింద ఇంగ్లిష్ అక్షరాలు. అమ్మకి ఇంగ్లిష్ రాదు, మలయాళం అసలే రాదు. “మన శారదరా” అని కుక్కర్ దించేసి వచ్చి కూర్చుంది, మధ్యలో ఒక్కసారి కూడా ‘ఏమంటోంది’ అని నన్ను అడగలేదు. సరిగ్గా చివర్లో, మొగుడు పోయి, చంటిబిడ్డతో ఒంటరిగా ఉన్న సీత తలుపు వైపు చూస్తూ ఉండగా, బయట ఎవరో తలుపు తడుతున్న చప్పుడు వినిపిస్తుండగా కరెంటు పోయింది. తలుపు తీసిందా లేదా అని ఆ రోజంతా అమ్మ ఆలోచిస్తూనే ఉంది. చాలా ఏళ్లకి ఒక ఫిల్మ్ క్లబ్బులో మళ్లీ చూశాక తెలిసింది, సినిమా అక్కడే అయిపోతుందని. మూసిన తలుపు, ఆ చూపు, అంతే. ఆ రోజు కరెంటు వాళ్లు తీసుకుపోయింది మహా అయితే కొన్ని క్షణాలు. ఈ సంగతి ఫోన్ చేసి చెబితే అమ్మ “అయితే తియ్యలేదన్నమాట” అంది. అమ్మ మనసులో సీత తలుపు తియ్యలేదు. మీరు చూశాక మీ మనసులో ఏమైందో నాకు రాయండి.

ప్ర: 1970 నుంచి 74 దాకా జాతీయ ఉత్తమ చిత్రాలు ఏవి? వరసగా ఇవ్వగలరా, క్విజ్‌కి కావాలి.
– హనుమకొండ నుంచి ఒక విద్యార్థి

జ: 1970 సంస్కార (కన్నడం), 1971 సత్యజిత్ రాయ్ ‘సీమాబద్ధ’ (బెంగాలీ), 1972 స్వయంవరం (మలయాళం), 1973 ఎం.టి.వాసుదేవన్ నాయర్ ‘నిర్మాల్యం’ (మలయాళం), 1974 మృణాల్ సేన్ ‘కోరస్’ (బెంగాలీ). క్విజ్ బాగా చెయ్యండి.

ప్ర: ఆ ఐదేళ్లలో తెలుగు సినిమాలకి ఏమీ రాలేదా? అన్నీ వేరే భాషలవే చెబుతున్నారు, బాధగా ఉంది.
– విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జ: ప్రాంతీయ భాషల్లో ఉత్తమ తెలుగు చిత్రం అవార్డులు వచ్చాయండీ. 1970కి సి.ఎస్.రావు గారి ‘దేశమంటే మనుషులోయ్’, 1971కి ‘మట్టిలో మాణిక్యం’, 1972కి ‘పండంటి కాపురం’. రెండో సినిమా పేరు చెబితే ఎవరికీ గుర్తు రాదు, కానీ “రింఝిం రింఝిం హైదరాబాద్” పాట ఎత్తుకోండి, తాతలూ మనవళ్లూ కూడా అందుకుంటారు. అది ఆ సినిమాలోదే. పండంటి కాపురంలో “బాబూ వినరా” పాట వస్తే మా ఇంట్లో ఇప్పటికీ ఎవరో ఒకరు కళ్లు తుడుచుకుంటారు.

మీ బాధ నాకు అర్థమైంది, నాకూ ఉంది. దేశం మొత్తం మీద పోటీలో ఎందుకు నిలబడలేదు అని అడిగితే నా అభిప్రాయం ఇది. కేరళలో ఆదూర్, ఆయన మిత్రులు కలిసి 1965లోనే చిత్రలేఖ అని ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. స్వయంవరం తీసింది ఆ సంఘమే, ప్రభుత్వ ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ దగ్గర అప్పు తీసుకుని. కర్ణాటకలో రచయితలే సినిమాల్లోకి దిగారు. మన దగ్గర అప్పుడు రచయితలు లేరా అంటే, అబ్బో, నవలల స్వర్ణయుగం అది. కోడూరి కౌసల్యాదేవి గారి నవలే 1971లో ‘ప్రేమనగర్’ అయింది, యద్దనపూడి గారి నవలల నుంచి ‘విచిత్రబంధం’, ‘జీవన తరంగాలు’ వచ్చాయి. ప్రేమనగర్‌ని తమిళంలో శివాజీ గణేశన్‌తో, హిందీలో రాజేశ్ ఖన్నాతో మళ్లీ తీశారు. అంటే సత్తా లేక కాదు. మన సినిమా మద్రాసు స్టూడియోల్లో సెట్లు వేసుకుని, పెద్ద హీరోలతో, పంపిణీదారుల అడ్వాన్సులతో నడిచేది, ఆ ఏర్పాటులో లాడ్జి గది మారితే డబ్బు అయిపోయినట్టు చెప్పే సినిమాకి ఎవరూ అడ్వాన్సు ఇవ్వరు. పఠాభి కన్నడానికి వెళ్లి తీసిన సినిమాని తెలుగులో తియ్యాలంటే డబ్బు పెట్టేవాళ్లు దొరికేవారా అని ఆలోచించండి. దొరికేవారు కాదని నా నమ్మకం. మనవాళ్లలో ప్రతిభ ఉంది, దానికి తోడు నిలబడే ఏర్పాటు పక్క రాష్ట్రాల్లో ఉంది. అందుకే ఆ ఐదేళ్ల జాబితాలో మనవాళ్లని వెతకాలంటే పక్క భాషల సినిమాల్లో వెతకాలి.

సుశీలమ్మనే చూడండి. విజయనగరం ఆవిడ. జాతీయ ఉత్తమ గాయని అవార్డు మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట అందుకున్నది ఆవిడే, 1968కి, తమిళ పాటకి. రెండోది 1971కి ‘సవాలే సమాళి’లో పిచ్చుకకి కట్టుబాట్లు ఏమిటి అని మొదలయ్యే పాటకి, అదీ తమిళమే. తెలుగు పాటకి ఆవిడకి ఆ అవార్డు ‘సిరిసిరిమువ్వ’తో గానీ రాలేదు, అప్పటికి 1976.

ప్ర: శ్రీశ్రీకి సినిమా పాటకి జాతీయ అవార్డు వచ్చిందా? మా లెక్చరర్ గారు వచ్చిందంటే మా క్లాసులో ఎవరం నమ్మలేదు.
– శ్రీకాకుళం నుంచి ఒక విద్యార్థిని

జ: నమ్మండమ్మా, మీ లెక్చరర్ గారిదే రైటు. 1974కి, ‘అల్లూరి సీతారామరాజు’లో ‘తెలుగు వీర లేవరా’ పాటకి ఉత్తమ గీత రచయిత. తెలుగు పాటకి ఆ అవార్డు రావడం అదే మొదలు.

ఆ సినిమా గురించి ఎంత చెప్పినా తక్కువే. 1974 మే 1న విడుదల. కృష్ణ గారి వందో సినిమా. తెలుగులో మొదటి పూర్తి స్థాయి సినిమాస్కోప్ (వెడల్పాటి తెర) సినిమా. చింతపల్లి అడవుల్లో, సీతారామరాజు నిజంగా తిరిగిన ప్రాంతంలో తీశారు. దర్శకుడు వి.రామచంద్రరావు గారు సినిమా మధ్యలోనే చనిపోయారు, మిగిలింది కృష్ణ గారు, పోరాటాల భాగం కె.ఎస్.ఆర్.దాస్ గారు పూర్తి చేశారు, అయినా తెర మీద దర్శకుడిగా రామచంద్రరావు గారి పేరే వేశారు. ఈ ఒక్క పని కోసం ఆ యూనిట్‌కి ఎంత గౌరవం ఇచ్చినా సరిపోదు. ఇంకొకటి, ఈ పాట పాడిన ఘంటసాల గారు ఆ ఏడాది ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆ గొంతు థియేటర్లో వినిపించేసరికి మనిషి లేరు. అప్పట్లో థియేటర్లో విన్న ఒక పెద్దాయన నాతో చెప్పారు, పాట మొదలవగానే హాల్లో ఈలలు వినిపించాల్సిన చోట కాసేపు ఎవరూ నోరు మెదపలేదట.

ప్ర: ‘అంకుర్’ మన తెలంగాణలో తీశారంటారు. మరి హిందీ సినిమా ఎలా అయింది?
– నల్లగొండ నుంచి ఒక పాఠకుడు

జ: హిందీ అని పోస్టర్ మీద ఉంటుంది గానీ చెవి పెట్టి వినండి, మాట్లాడేది దక్కనీ. హైదరాబాద్ చుట్టుపక్కల ఇళ్లలో వినిపించే హిందీ. శ్యామ్ బెనెగల్ సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టి, నిజాం కాలేజీలో చదువుకున్నాయన. అంకుర్ ఆయన మొదటి సినిమా, హైదరాబాద్ దగ్గర ఎల్లారెడ్డిగూడ అనే ఊళ్లో తీశారు. డబ్బు పెట్టింది బ్లేజ్ అనే సంస్థ, సినిమాహాళ్లకి ప్రకటనలు సరఫరా చేసేవాళ్లు. కెమెరా గోవింద్ నిహలానీ.

దొరగారి కొడుకు సూర్యం పట్నం నుంచి ఊరికి వస్తాడు, ఇంట్లో పని చేసే లక్ష్మిని దగ్గరకి తీస్తాడు, ఆమె కడుపుతో ఉందని తెలిసేసరికి చేతులు దులుపుకుంటాడు. లక్ష్మి మొగుడు కిష్టయ్య, చెవిటి మూగ కుమ్మరి. కల్లు దొంగిలించాడని వాణ్ని గుండు గీయించి గాడిద మీద ఊరేగిస్తారు, ఊరొదిలి వెళ్లిపోతాడు. చాన్నాళ్లకి తిరిగొచ్చి, భార్య కడుపుతో ఉందని సంతోషపడి, పని అడుగుదామని కర్ర పట్టుకుని సూర్యం దగ్గరికి నడుస్తాడు. సూర్యానికి మాత్రం ఆ కర్ర చూసి వణుకు పుడుతుంది, తనని కొట్టడానికే వస్తున్నాడని ముందే పట్టుకుని చావగొడతాడు. తప్పు చేసినవాడి భయం ఎలా ఉంటుందో ఇంతకంటే సూటిగా తీసిన సీన్ నేను చూడలేదు. ఆఖర్న ఒక చిన్నపిల్లాడు దొర ఇంటి కిటికీ మీదకి రాయి విసిరి పరిగెడతాడు, తెర ఎర్రబారుతుంది.

లక్ష్మిగా షబానా ఆజ్మీ, మొదటి సినిమాతోనే ఉత్తమ నటి. కిష్టయ్యగా సాధు మెహర్, ఉత్తమ నటుడు. 1974కి రెండో ఉత్తమ చిత్రం. అదే 1974కి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు బి.ఎన్.రెడ్డి గారికి, మల్లీశ్వరి తీసిన మన కడప జిల్లా మనిషికి. దక్షిణాదిలో ఆ అవార్డు అందుకున్న మొదటివారు ఆయనే. ఒక్క ఏడాది లెక్కలో శ్రీశ్రీ, అంకుర్, బి.ఎన్., విజయవాడ పాఠకుడి గారికి ఈ మాట మరీ మరీ చెబుతున్నాను.

ప్ర: గాడ్‌ఫాదర్‌కి వచ్చిన ఆస్కార్‌ని బ్రాండో తిరగ్గొట్టాడు. మన దగ్గర అలాంటి పని చేసినవాళ్లు ఉన్నారా?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

జ: ఉన్నారు, అదీ అదే ఏడాది! 1972 సినిమాలకి ఫిలింఫేర్ వాళ్లు ‘బేఇమాన్’కి ఉత్తమ సహాయ నటుడిగా ప్రాణ్ గారిని ఎంపిక చేశారు. ఆయన తీసుకోలేదు. కారణం తన గురించి కాదు. సంగీతానికి ఆ అవార్డు కూడా బేఇమాన్‌కే, శంకర్ జైకిషన్‌కి వెళ్లింది. ‘పాకీజా’ పాటలు చేసిన గులాం మొహమ్మద్‌కి రావాల్సింది రాలేదని ప్రాణ్ గారి బాధ. గులాం మొహమ్మద్ అప్పటికే లేరు, 1968లో పోయారు. పాకీజా తయారవడానికి పట్టిన ఏళ్లు అలాంటివి మరి, 1956లో నలుపు తెలుపులో మొదలుపెట్టి, రంగుల్లోకి మార్చి, తర్వాత సినిమాస్కోప్‌లోకి మార్చి, దర్శకుడు కమాల్ అమ్రోహీ, ఆయన భార్య, ఆ సినిమా హీరోయిన్ మీనాకుమారి విడిపోవడంతో ఏళ్ల తరబడి ఆగి, 1972 ఫిబ్రవరి 4న విడుదలైంది. మార్చి 31న మీనాకుమారి చనిపోయారు. పోనీ తన సినిమాకి సంగీతం చేసినవాడా అంటే అదీ కాదు, తనకేమీ లాభం లేదు, ఎదుటి మనిషి బతికి లేడు, అయినా ఆయన పాటల కోసం చేతికొచ్చిన అవార్డు వదులుకోవడం నాకు బ్రాండో చేసినదానికంటే ఒక పిసరు ఎక్కువే అనిపిస్తుంది.

బ్రాండోది కూడా చిన్న విషయం కాదు. 1973 మార్చి 27 రాత్రి తన బదులు సచీన్ లిటిల్‌ఫెదర్ అనే ఆవిడని పంపాడు. రోజర్ మూర్ బొమ్మ అందించబోతే ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టి వద్దంది. హాలీవుడ్ అమెరికా మూలవాసులని చూపిస్తున్న తీరు బాగాలేదని చెబితే హాల్లో సగంమంది చప్పట్లు, సగంమంది వెక్కిరింపులు. ఆస్కార్ సంస్థ ఆవిడకి క్షమాపణ చెప్పింది 2022లో, సుమారు యాభై ఏళ్లకి. అదే ఏడాది అక్టోబరులో ఆవిడ పోయారు. బ్రాండో కంటే ముందు ‘ప్యాటన్’కి జార్జ్ సి.స్కాట్ కూడా ఆస్కార్ వద్దన్నాడు, నటుల మధ్య పోటీ అనేదే ఆయనకి నచ్చదు.

ప్ర: గాడ్‌ఫాదర్ మొదటి సీన్‌లో పిల్లి ఎవరిది?
– పేరు రాయలేదు

జ: ఎవరిదీ కాదు, స్టూడియోలో తిరుగుతున్న పిల్లి. తెచ్చి బ్రాండో ఒళ్లో పెట్టారు. ఒళ్లో కూర్చుని అది హాయిగా చేసిన గురగుర చప్పుడు బ్రాండో మాటలకి అడ్డం వచ్చింది.

ప్ర: అవార్డుల గొడవ పక్కన పెట్టండి సర్, ‘మోసగాళ్లకు మోసగాడు’ గురించి ఒక్క ముక్క రాయండి.
– భీమవరం నుంచి కృష్ణ గారి అభిమాని

జ: 1971 ఆగస్టులో విడుదల. కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన, వి.ఎస్.ఆర్.స్వామి కెమెరా. మన తెర మీద మొదటి కౌబాయ్. రాజస్థాన్ ఎడారికి యూనిట్‌ని రైలెక్కించుకుని వెళ్లి తీశారు, సెట్టు దాటని ఆ రోజుల్లో అది ఎంత పెద్ద సాహసమో ఊహించుకోండి. ఇంగ్లిష్‌లోకి ‘ట్రెజర్ హంట్’ పేరుతో డబ్ చేసి విదేశాల్లో కూడా ఆడించారు. అవార్డు రాకపోయినా ఆ కాలం సినిమాల లెక్క తీస్తే ఇది లేకుండా నేను రాయను, మీరు అడక్కపోయినా రాసేవాణ్ని.

ప్ర: కె.విశ్వనాథ్ గారికి ఆ రోజుల్లో ఏమైనా అవార్డులు వచ్చాయా, లేక శంకరాభరణం తర్వాతేనా?
– రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు

జ: ముందు నుంచీ ఉన్నాయి. 1971కి ‘చెల్లెలి కాపురం’, 1972కి ‘కాలం మారింది’, రెండేళ్లు వరసగా బంగారు నంది. రెండింటిలోనూ శోభన్ బాబే. అందగాడని పేరున్న నటుడికి చెల్లెలి కాపురంలో అందవికారంగా ఉండే కవి వేషం వేయించారు. తన పాటలు ఇంకొకడి పేరుతో అచ్చవుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి. శోభన్ బాబు అంటే రింగు జుట్టు మాత్రమే గుర్తున్నవాళ్లు ఒక్కసారి ఈ సినిమా చూడండి.

ఈ నెల ప్రశ్న: 1975కి ఒక తెలుగు సినిమాలో కెమెరా పనికి జాతీయ అవార్డు వచ్చింది. ఆ కెమెరామన్ తెలుగువాడు కాదు. అంతకు ముందు, దేశవిభజన తర్వాత ఆగ్రాలో మిగిలిపోయిన ఒక ముస్లిం కుటుంబం మీద వచ్చిన గొప్ప హిందీ సినిమాకి నిర్మాతల్లో ఒకరు, కెమెరా కూడా ఆయనదే. ఆయన ఎవరు, ఆ రెండు సినిమాలేవి? ఈసారైనా శంకరాభరణం అని రాయకండి.